సృజన, సన్‌అత్, కళ: ఆదిభట్లవారి ఖయ్యాం అనువాదం ఆధారంగా కొంత విచారణ

కొన్ని మాటలు విమర్శలోకి బరువుతో ప్రవేశించి, వాడగా వాడగా ఆ బరువును కోల్పోతాయి. ‘సృజన’ అటువంటి మాట. కథ రాసినవారిది సృజన, సినిమా తీసినవారిది సృజన, సబ్బుల ప్రకటన రాసినవారిదీ సృజనే. దాని పక్కనే ‘కళ’ను పర్యాయపదంలా నిలబెట్టి, రెండింటినీ ఒకే ఊపిరిలో ఉచ్చరించడం పరిపాటి అయింది. రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకు? ఒకటి కాకపోతే వాటి మధ్య గీత ఎక్కడ? ఇది కేవలం నిఘంటువుకు సంబంధించిన తగవు కాదు. ఆ గీత చెరిగిపోవడం వల్ల ఎవరికి గౌరవం దక్కుతోంది, ఎవరికి దక్కకుండా పోతోంది అన్న విషయం కూడా ఇందులో ఇమిడి ఉంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్ననూలు వడికే స్త్రీని కార్మికురాలంటాము. ఆమె వడికిన నూలుతో నేసిన బట్టకు కొత్త అంచు ఊహించిన పట్నవాసిని కళాకారుడంటాము. ఇలా అనడానికి మనకున్న ఆధారమేమిటో ఒకసారి పరీక్షించుకోవలసి ఉంది.

ముస్లిం పాఠకుడు ‘సృజన’ అన్న మాట దగ్గర సహజంగానే ఒక క్షణం ఆగుతాడు. సృజించేవాడు అల్లాహ్ ఒక్కడే గదా అన్నది అతని సందేహం. ఖాలిఖ్, బారీ, ముసవ్విర్ అన్న మూడు నామాలు ఖుర్‌ఆన్‌లో ఒకేచోట (59:24) వరుసగా వస్తాయి. లేనిదాన్ని మాదిరి లేకుండా కలిగించేవాడు అన్న అర్థంలో బదీఅ్ అన్న నామం మరొకచోట (2:117) వస్తుంది. అలాంటప్పుడు ఒక కవిని స్రష్ట అనడం సబబేనా?

దీనికి అరబ్బీ నిఘంటుకారులు చాలా కాలం క్రితమే ఒక దారి చూపారు. ‘ఖల్ఖ్’ అన్న ధాతువుకు తొలి అర్థాల్లో ఒకటి కొలత వేయడం. తోలు పనివాడు చర్మాన్ని పరిచి, ఎక్కడ కోయాలో, ఎంత కోయాలో ముందుగా అంచనా కట్టుకోవడాన్ని అరబ్బులు ఆ మాటతోనే చెప్పేవారు. ఇస్లాంకు పూర్వపు కవి జుహైర్ కవిత్వాన్ని ఈ అర్థానికి సాక్ష్యంగా వారు చూపుతారు. ఖుర్‌ఆన్ 23:14లో ఈ పదం బహువచనంలో కనిపించినప్పుడు వ్యాఖ్యాతల్లో పలువురు ఈ కొలత అన్న అర్థాన్నే ఆశ్రయించారు. శూన్యం నుంచి ఉనికిని కలిగించడం మనిషికి చెందని పని. ఉన్న చర్మం మీద గీత గీయడం మనిషికి చేతనైన పని. ఇక గీత గీసినవాడల్లా కోయగలడా? జుహైర్ ఎత్తి చూపిన తేడా అదే. కొలత వేయడం ఒకటి, కొలిచినదాన్ని కోయడం మరొకటి.

ఈ రెండు మాటల కంటే మన విచారణకు పనికివచ్చే పరికరం మరొకటి నాకు కనిపించలేదు. మనిషి పరంగా చెప్పినప్పుడు సృజన అంటే కొలత. ఇంతకుముందు లేని గీత ఒకటి మనసులో పడడం. కళ అంటే కోత. ఆ గీత వెంట చేయి తప్పకుండా వెళ్ళడం. మొదటిది ఒక సంఘటన. ఎప్పుడు జరుగుతుందో ఎవరూ చెప్పలేరు, ఎవరూ నేర్పలేరు. రెండవది ఒక అలవాటు. దాన్ని నేర్పవచ్చు, దిద్దవచ్చు, తప్పు పట్టవచ్చు. ఇబ్న్ ఖల్దూన్ (1332–1406) తన ‘ముఖద్దిమా’లో వృత్తుల మీద రాసిన ప్రకరణాలు ఇక్కడ ఎంతో విలువైనవి. వడ్రంగం, నేత, కుట్టుపని, వైద్యం, లేఖనం, గానం, అన్నిటినీ ఆయన ‘సినాఅ’ అన్న ఒకే పేరు కింద చేర్చాడు. మన ఉర్దూలో ‘సన్‌అత్’ అంటున్నది ఈ కుటుంబానికి చెందిన మాటే. ఒక పనిని మళ్ళీ మళ్ళీ చేయగా మనిషిలో స్థిరపడిపోయే గుణాన్ని ఆయన ‘మలకా’ అన్నాడు. సన్‌అత్ అంటే అటువంటి మలకా అని నిర్వచించాడు. ఆశ్చర్యమేమంటే కవిత్వాన్ని కూడా ఆయన ఈ కోవలోనే చేర్చి, కవి శైలిని నేతగాడి మగ్గంతోనూ పోతపనివాడి మూసతోనూ పోల్చాడు. ఆయనకు ఐదు వందల ఏళ్ళకు ముందే బస్రా పండితుడు అల్ జాహిజ్, భావాలు దారిన పోయేవారందరికీ దొరికేవేననీ, కవిత్వమంటే నేత వంటి పనితనమనీ వాదించాడు. అరబ్బీలో ‘ఫన్న్’ అన్న మాటకు లలితకళ అన్న అర్థం రావడం ఆధునిక కాలపు మార్పు. పూర్వం అది ఒక శాఖ, ఒక రకం అని మాత్రమే చెప్పేది. అంటే లలితకళ అని ఒకటి, చేతిపని అని ఒకటి వేరు చేసి, మొదటిదాన్ని మేడ మీదా రెండవదాన్ని పెరట్లోనూ కూర్చోబెట్టే అలవాటు మన పూర్వ విద్వాంసులది కాదు.

పొందూరు ఉదాహరణనే మరికాస్త దగ్గరగా చూద్దాం. అక్కడి సన్ననూలు ఖద్దరుకు పత్తిని సిద్ధం చేసేటప్పుడు వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నని పళ్ళ వరుస పత్తి పోగులను ఒక దిశకు తెచ్చి, అందులోని చెత్తను విడగొడుతుంది. తర్వాత గింజ తీయడం, వింటితో ఏకడం, ఏకులు చుట్టడం, ఆ ఏకులను ఎండిన అరటి దొప్పలో మాయకుండా దాచడం, ఒంటి కదురు రాట్నం మీద వడకడం ఉంటాయి. ఈ వరుసలో 100 నంబరు నూలు దాకా తీయగల చేతులున్నాయి. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న ఇది: ఇందులో సృజన ఎక్కడ ఉంది? చేప దవడను చూసి, ఇది పత్తికి దువ్వెన కాగలదని ఎవరికో ఒకరికి ఎప్పుడో తోచింది. మత్స్యకారుడు పారవేసే ఎముకకూ నేతపనికీ సంబంధం కలపడం సామాన్యమైన ఊహ కాదు. సృజన అంటే నిక్కంగా అదే. ఆ వ్యక్తి పురుషుడో స్త్రీయో, ఏ కాలం వారో ఎవరికీ తెలియదు. ఆ క్షణం గడిచిపోయింది, పేరు నిలవలేదు. నిలిచినది ఆ తర్వాతి తరతరాల చేతుల్లోని మలకా. ఈనాడు దవడతో దువ్వుతున్న స్త్రీ కొత్తగా ఏమీ కనిపెట్టడం లేదు. అయినా ఆమె చేయి ఒక్క పాలు బరువెక్కితే పోగు తెగుతుంది. కనిపెట్టనందువల్ల ఆమె కళాకారిణి కాదనడం, అలిఫ్‌ను తాను కనిపెట్టలేదు గనుక ఖత్తాత్ కళాకారుడు కాదనడం వంటిది.

ఖత్తాతీ సంగతి మన పాఠకులకు తెలిసినదే. బాగ్దాదు మంత్రి ఇబ్న్ ముఖ్లా (మరణం 940) కలపు మొనతో వేసే చుక్కను కొలతగా తీసుకుని అక్షరాల నిష్పత్తులను నిర్ణయించాడు. అది కొలత. అటు తర్వాత వేయి సంవత్సరాలకు పైగా, ఇస్తంబూలు నుంచి హైదరాబాదు వరకు, ఆ చుక్కలను లెక్కపెట్టుకుంటూ రాసినవారందరిదీ కోత. ఉస్తాదు శిష్యుడి రాతలో వెతికేది కొత్తదనాన్ని కాదు. అలిఫ్ నిటారుగా నిలిచిందా లేదా అని.

ఈ భేదాన్ని సాహిత్యంలో పరీక్షించడానికి విజయనగరం మనకు ఒక అపురూపమైన పుస్తకాన్ని ఇచ్చింది. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) 1932లో వెలువరించిన ఉమర్ ఖయ్యాం రుబాయీల అనువాదం అది. బొబ్బిలి ప్రాంతపు అజ్జాడ గ్రామంలో పుట్టి, విజయనగర సంస్థానపు ఆదరణలో జీవించి, 1919లో అక్కడ నెలకొన్న సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన ఈ హరిదాసు పారశీకం నేర్చుకున్నారు. శ్రీకాకుళం, అంటే నాటి చికాకోలు, గోల్కొండ కాలం నుంచి ఫౌజుదారుల కేంద్రంగా ఉండి, షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదును నేటికీ నిలుపుకున్న ఊరు గనుక ఈ ప్రాంతానికి పారశీకం పరాయిది కాదు. అయినా హరికథ చెప్పి పొట్టపోసుకునే ఒక బ్రాహ్మణ పండితుడు ఖయ్యాం కోసం ఆ భాషను పట్టుదలగా సాధించడం తక్కువ విషయం కాదు.

ఆయన ఉద్దేశం స్పష్టమైనది. ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు అనువాదం మూలానికి న్యాయం చేయలేదని నిరూపించాలి. అందుకు ఆయన ఎంచుకున్న మార్గం విచిత్రమైనది. మూలంలోని పారశీక రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ అనువదించారు. ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు పద్యాలను కూడా అదేవిధంగా ఆ రెండు భాషల్లోకీ తెచ్చారు. పాఠకుడు రెండింటినీ పోల్చి చూసుకుని తీర్పు చెప్పవచ్చు. సాక్షిని, ప్రతివాదిని ఒకే బోనులో నిలబెట్టి ఒకే భాషలో మాట్లాడించినట్లుంది ఈ పద్ధతి. అనువాద విమర్శకు ఇంతటి సాహసవంతమైన ఏర్పాటు నేనెరిగినంతలో తెలుగులో మరొకటి లేదు.

ఇక ఫిట్జెరాల్డ్ చేసినదేమిటో చూడాలి. రుబాయీ అన్నది నాలుగు పాదాల స్వతంత్ర పద్యం. మొదటి, రెండవ, నాలుగవ పాదాలకు అంత్యప్రాస కలుస్తుంది, మూడవది సాధారణంగా విడిగా ఉంటుంది. ఆ విడి పాదం వద్ద ఊపిరి ఆగి, నాలుగవ పాదంలో దెబ్బ పడుతుంది. ఒక రుబాయీకి పక్క రుబాయీతో సంబంధం ఉండనక్కరలేదు. రాతప్రతుల్లో వాటిని ప్రాసాక్షరం ప్రకారం అకారాది వరుసలో కూర్చేవారు. ఫిట్జెరాల్డ్ ఆధారపడిన ఆక్స్‌ఫర్డు ప్రతిలోని 158 రుబాయీలు అలా ఉన్నవే. ఆయన వాటిలో కొన్నిటిని ఏరి, కొన్నిటిని కలిపి, సూర్యోదయంతో మొదలై చంద్రోదయంతో ముగిసే ఒక దినపు కథలాగా అమర్చాడు. 1859 నాటి తొలి ముద్రణలో 75 పద్యాలున్నాయి. తర్వాతి ముద్రణల్లో ఆ సంఖ్య, పాఠం రెండూ మారుతూ వచ్చాయి. ఎడ్వర్డ్ హెరన్ అలెన్ అనే పండితుడు 1899లో పద్యం పద్యం పట్టి మూలాలతో సరిచూసి, సుమారు సగం మాత్రమే ఒక్కొక్క పారశీక రుబాయీకి దగ్గరి అనుసరణలనీ, 44 పద్యాలు ఒకటికంటే ఎక్కువ రుబాయీలను కలిపి చేసినవనీ, మిగిలిన కొద్దింటిలో అత్తార్, హాఫిజ్‌ల ఛాయలున్నాయనీ తేల్చాడు.

అంటే ఫిట్జెరాల్డ్‌ది గొప్ప కొలత. విడి ముక్కలుగా పడివున్న చర్మంలో ఎవరికీ కనిపించని చొక్కా ఆయనకు కనిపించింది. ఇంగ్లీషు పద్యం మీద ఆయన చేయి కూడా గట్టిదే గనుక కోతా కుదిరింది. పుస్తకం లోకమంతా వ్యాపించింది. దాని మూల్యం ఎవరు చెల్లించారన్నదే ప్రశ్న. నైషాపూరుకు చెందిన ఉమర్ ఖయ్యాం ఘన సమీకరణాలను వర్గీకరించి, శంఖుచ్ఛేదాల సాయంతో వాటిని సాధించిన గణితవేత్త; మలిక్ షా కాలంలో 1079 నాటి జలాలీ పంచాంగ సంస్కరణలో పాలుపంచుకున్న ఖగోళజ్ఞుడు. లోకానికి ఆయన ఈనాడు మధుశాలకు మూలపురుషుడు! ఆయన పేరిట చెలామణిలో ఉన్న రుబాయీల్లో ఎన్ని ఆయనవో, ఎన్ని కావో పండితులు ఇంకా తేల్చుకోలేదు. ఆ మధువు ద్రాక్షరసమా, సూఫీ పరిభాషా అన్న వివాదం ఫిట్జెరాల్డ్ బతికుండగానే ఫ్రెంచి అనువాదకుడు నికొలాతో మొదలయింది. ఇవన్నీ మూలంలో తెరిచివున్న ప్రశ్నలు. ఫిట్జెరాల్డ్ అమరిక వాటన్నిటినీ మూసివేసి ఒకే జవాబిచ్చింది. ఆయనను సమర్థించేవారు ‘అది అనువాదం కాదు, సృజన’ అంటారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఆ పుస్తకం అట్ట మీద ఇంకొకరి పేరు ఉంది. ఇతరుల చర్మం మీద గీత గీసే స్వేచ్ఛకు సృజన అన్న పేరు పెట్టగానే విచారణ ముగిసిపోతుందంటే నేను ఒప్పుకోలేను.

ఈ విషయంలో నారాయణదాసుగారి పట్టుదల ఎంతో ఉదాత్తమైనది. నాకు తోచిన అంచును నేను వేయను, మూలంలో ఉన్న పోగును లెక్కపెట్టి నేస్తాను అన్న నిజాయితీ అది. అన్యమతానికి చెందిన, అన్యదేశానికి చెందిన ఒక కవి పరువు కోసం ఒక హరిదాసు ఇంత శ్రమపడడం మన పాఠకులు కృతజ్ఞతతో గుర్తుంచుకోదగిన సంగతి.

అంతమాత్రాన ఆ పుస్తకం కళగా పూర్తిగా ఫలించిందా? ఇక్కడ విమర్శకుడు మొగమాటపడకూడదు. దాసుగారు తమ మీద తామే ఒక నియమం వేసుకున్నారు. అచ్చ తెలుగు అంటే సంస్కృత సమమైన మాట ఒక్కటి కూడా రాకూడదు. ‘జీవితం’ రాదు, ‘కాలం’ రాదు, ‘లోకం’ రాదు, ‘స్వర్గం’ రాదు, ‘మధువు’ రాదు. ఖయ్యాం మాట్లాడేదంతా వీటిని గురించే గదా! అచ్చ తెలుగు కావ్య సంప్రదాయానికి ఆద్యుడైన పొన్నికంటి తెలగనార్యుడు తన ‘యయాతి చరిత్ర’ను గోల్కొండ సర్దారు అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు గనుక, పారశీక కవికి అచ్చ తెలుగు తొడగడంలో ఒక చారిత్రక అందం లేకపోలేదు. కాని పారశీక రుబాయీ సులభమైన మాటలతో నడుస్తుంది. దాని శక్తి అంతా విన్న వెంటనే తగలడంలో ఉంది. అచ్చ తెలుగు నియమం వల్ల అనువాదకుడు మరుగున పడిన దేశ్యపదాలను వెలికితీయవలసి వస్తుంది. నేటి పాఠకుడు ఒక చేత పద్యాన్నీ ఇంకొక చేత నిఘంటువునూ పట్టుకోవలసి వస్తుంది. అప్పటికి మూడవ పాదం వద్ద ఆగిన ఊపిరి చల్లారిపోతుంది. అంటే, మూలానికి మాటలో విధేయుడైన దాసుగారు దాని వేగంలో కాలేకపోయారు. మనం పైన చెప్పుకున్న పరిభాషలో చెప్పాలంటే, ఈ పుస్తకంలో కొలత అద్భుతం. కోతలో బరువు ఉంది గాని ఒడుపు తక్కువ. పండితులు దీన్ని ఒక ఘనకార్యంగా కొనియాడారు. ఘనకార్యంగానే కొనియాడారు, నోట నిలుపుకోలేదు.

ఇదే కాలంలో ఖయ్యాంను తెలుగు చేసినవారు ఇంకా ఉన్నారు. పిఠాపురం పీఠానికి చెందిన ఉమర్ ఆలీషా కవిగారు (1885–1945), నెల్లూరు సీమకు చెందిన దువ్వూరి రామిరెడ్డిగారు వారిలో ముఖ్యులు. రామిరెడ్డిగారు పారశీకం నేర్చుకునే రాశారు. ఆయన ‘పానశాల’ తెలుగువారి నోళ్ళలో నిలవడానికి కారణం ఆయన దాసుగారి కంటే ఎక్కువ సృజనశీలి కావడం కాదు. తెలుగు పద్యం ఏ మాట దగ్గర తేలికపడుతుందో, ఏ మాట దగ్గర కుంటుతుందో ఆయన చెవికి తెలుసు. ఆ పుస్తకంలో అదే మలకా పనిచేసింది. భావాలపరంగా ఫిట్జెరాల్డ్ నీడ అందులో లేదని మాత్రం అనలేము. ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చదివే ఓపిక మన విద్యార్థుల్లో ఎవరికైనా ఉంటే అదొక మంచి పరిశోధన అవుతుంది.

దాసుగారికి అన్యాయం జరగకుండా ఉండాలంటే హరికథను కూడా చూడాలి. ఇబ్న్ ఖల్దూన్ ఒక వృత్తిలో మలకా సాధించినవాడు మరొకదానిలో అంతటి మలకా సాధించడం అరుదన్నాడు. దాసుగారి విషయంలో ఈ మాట సగం నిజమనిపిస్తుంది. 1883లో మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడి హరికథను విజయనగరంలో విని, ఇది తనకు తగిన మార్గమని ఆయన నిర్ణయించుకున్నారు. అంటే ‘హరికథా పితామహుడు’ అని లోకం పిలిచే వ్యక్తి ఆ ప్రక్రియను శూన్యం నుంచి తీయలేదు. గీత ఇంకొకరు గీశారు. కాని రచన, సంగీతం, నాట్యం, అభినయం, లయ అన్నీ ఒకే దేహంలో పండించి, చేత చిడతలు, కాలికి గజ్జెలతో రాత్రంతా వందలమందిని కూర్చోబెట్టగల స్థితికి దాన్ని తెచ్చింది ఆయన. కొత్తదనం తక్కువైన చోట ఆయన కళ ఆకాశాన్నంటింది. కొత్తదనం మిక్కుటమైన ఖయ్యాం పుస్తకంలో అది శ్రమపడింది. ‘నవరస తరంగిణి’లో కాళిదాసునూ షేక్స్‌పియర్‌నూ అచ్చ తెలుగులో జోడించిన ప్రయత్నానికి కూడా ఇదే తీర్పు వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఆయన తర్వాత 1936లో కళాశాల అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారి (1893–1964) సంగతి కూడా ఈ వాదానికి బలం చేకూరుస్తుంది. 1919లో విద్యార్థిగా చేరవచ్చిన యువకుణ్ణి పరీక్షించి నేరుగా ఆచార్యుడిగా నియమించుకున్నారని ప్రసిద్ధి. ఫిడేలు యూరపు వాద్యం. దాన్ని కర్ణాటక సంగీతానికి తెచ్చుకున్నవారు ఆయనకు వంద సంవత్సరాలకు పూర్వపువారు. పాటకు పక్కవాద్యంగా ఉన్నదాన్ని ఒంటరిగా కచేరీ నిలబెట్టగల వాద్యంగా మలచింది ఆయన కమాను మీద సాధించిన పట్టు. దానికి ఏ ఒక్క తేదీని చూపలేము. అది ఒకనాడు తోచిన ఆలోచన కాదు, ఏళ్ళ తరబడి చేసిన సాధన.

ఇంతవరకు చెప్పినదానికి ఒక అభ్యంతరం రావచ్చు. కళను అలవాటుకు కుదిస్తే అది అనుకరణ అయిపోదా, పాత మూసలో పోసినదంతా కళేనా అని అడగవచ్చు. కాదు. ఖుర్‌ఆన్‌లో దావూద్ (అలైహిస్సలాం)కు ఇనుమును మెత్తబరచి కవచాలు చేయించిన ఉదంతంలో (34:10–11), కడియలను సరైన కొలతతో అల్లాలన్న ఆదేశం ప్రత్యేకంగా ఉంది. కవచం అన్న ఊహ ఇవ్వడంతో ఆ ఉదంతం ఆగలేదు. కడియ కడియకూ కుదరవలసిన కొలత దాకా వెళ్ళింది. ఒక కడియ వదులైతే దాన్ని తొడుక్కున్నవాడి ప్రాణం పోతుంది. అలవాటు అంటే కళ్ళు మూసుకుని చేయడం కాదు, ప్రతిసారీ కొత్తగా జాగ్రత్తపడడం. మూసపని ఆ జాగ్రత్తను మానుకున్న చోట మొదలవుతుంది.

ఈ తేడా ఎంత అవసరమో బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో చూడవచ్చు. అక్కడి సర్వసిద్ధి కుటుంబాలవారు పనస మానును తొలిచి ఏకాండి వీణను చేస్తారు. కుండ, దండి విడివిడిగా చేసి అతికించరు. ఒకే దుంగలో నుంచి రావలసిందే. 24 మెట్లను మైనంలో నిలబెట్టేటప్పుడు కొలబద్ద కొంతవరకే పనిచేస్తుంది, ఆపైన చెవే ఆధారం. కచేరీకి పనికివచ్చే వీణను కొనేవారు తగ్గిపోయారు. అందువల్ల సభల్లో అతిథులకు ఇవ్వడానికి, గాజు పెట్టెలో అమర్చిన చిన్న బొమ్మ వీణలు చేయడం మొదలయింది. వాటికి గిరాకీ ఉంది. వాటిలో సృజన లేదనలేము. వాద్యాన్ని బహుమతి వస్తువుగా మార్చడం ఒక కొత్త ఊహే, ఆ ఊహ పలు ఇళ్ళలో పొయ్యి వెలిగిస్తోంది. దాన్ని నిందించే అధికారం కడుపు నిండినవారికి లేదు. కాని బొమ్మ వీణకు మెట్లు ఎక్కడ నిలిపినా చెల్లుతుంది. దాన్ని ఎవరూ మీటరు. చెవి పని అక్కడ లేదు.

ఒక ఊరిలో వృత్తి నిలవాలంటే దానికి గిరాకీ ఉండాలనీ, గిరాకీ పోతే వృత్తీ పోతుందనీ ఇబ్న్ ఖల్దూన్ రాశాడు. కొత్త డిజైన్లకు బహుమతులిచ్చే సంస్థలు, సృజన పేరిట సదస్సులు జరిపే విశ్వవిద్యాలయాలు ఈ వాక్యాన్ని పట్టించుకోవడం లేదు. పొందూరులో రాట్నం ముందు కూర్చుంటున్నవారిలో ఎక్కువమంది వయసు మళ్ళిన స్త్రీలు. ఆ పనికి వచ్చే కూలితో ఇల్లు గడవదని వారి కూతుళ్ళు వేరే పనులకు వెళ్తున్నారు. చేప దవడను దువ్వెనగా ఊహించిన విషయాన్ని ఏ పుస్తకంలోనైనా రాసిపెట్టవచ్చు, చదివినవాడు దాన్ని మళ్ళీ ఊహించుకోనూ వచ్చు. దవడ మీద చేయి ఎంత బరువు మోపాలో మాత్రం రాతకు అందదు. అది తల్లి పక్కన కూర్చుని కూతురు నేర్చుకోవలసినది. అందుకు నాలుగైదు ఏళ్ళు పడుతుందో, పదేళ్ళు పడుతుందో ఆ చేతిని బట్టి ఉంటుంది.